మోరీ మీద బండ ఏసిన్రట

జూలై 3
అత్తమ్మ మోరీల పడ్డది. పాలపాకెట్ తెస్తుంటే. వాన నీళ్లల్ల తొవ్వ ఏదో, మోరీ ఏదో కనబడలె. మోరీ మీది బండ పగిలి నాలుగు నెల్లాయె... తుంటి బొక్క ఇరిగింది. దవాఖానల నన్ను చూడంగనే అత్తమ్మ — "చీరంత ఖరాబైంది బిడ్డా, ముందుగాల అది పిండు."

జూలై 5
ఆపరేషన్ అయింది. మున్సిపాలిటీకి ఫోన్ల కంప్లైంట్ పెట్టిన, ఫొటో సుత. ఇంటి ముందటి దుకాణంల జాకెట్లు కుట్టుడు కొన్ని దినాలు బంద్.

జూలై 11
మెసేజ్. "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది." కింద ఫొటో — మోరీ మీద కొత్త బండ, ఎనుక నీలం గేటు. మా గల్లీల నీలం గేటే లేదు. పెద్దగ చేసి చూసిన. కౌన్సిలర్ ఇల్లు అది.

జూలై 12
ఆఫీసుకు పోయిన. ఇంజనీరు సారు తల ఎత్తలె. "క్లోజ్ అయిందమ్మా." బండ ఎయ్యలె సార్. "మాకు ఏసినట్టే చూపిస్తుంది." గంటన్నర నిలబడ్డ. కూసోమన్నోడు లేడు.

జూలై 19
వార్డు మీటింగ్. కోమటి చెరువు లైట్ల ముచ్చటే అర్ధగంట. లేచి ఫొటో చూపెట్టిన. "గీ గేటు ఎవరిది సార్?" ఎంబడి ఉంటమన్న గల్లీ వాళ్లంత కిందికి చూస్తున్రు. ఎదురింటి సుజాతక్క కొంగు సదురుకుంటుంది. కౌన్సిలర్ నవ్విండు — "నీ దుకాణం మెట్లు మోరీ మీదికే ఉన్నయి గద చెల్లె. అవి గూడ చూద్దాం."

చెల్లె అన్నడు.

జూలై 21
చూసిన్రు. పొద్దుగాల్నే జేసీబీ. గల్లీల అందరి మెట్లు మోరీ మీదనే. కూలగొట్టింది మావొక్కటే. మంచంల నుంచి అత్తమ్మ — "ఏందే ఆ చప్పుడు?" మోరీ మీద బండ ఏస్తున్రు అత్తమ్మా, అన్న. ఎందుకు అబద్ధమాడిన్నో.

జూలై 22
వాకిట్ల బారెడు మోరీ. చెక్క అడ్డమేసిన. జాకెట్ల కోసం ఇద్దరు వచ్చి, చూసి, మర్లిపోయిన్రు.

జూలై 24
సుజాతక్క కూర తెచ్చింది. "మాకు గూడ మెట్లున్నయి గదనే..." తీసుకున్న. తినబుద్ధి కాలె.

జూలై 26
వర్క్ ఇన్‌స్పెక్టర్ వచ్చిండు, బండి దూరంగ ఆపి. చిన్నగ — "బండ ఎయ్యలేదనే రాసిన నేను. ఇంజనీరు సారు మార్పిచ్చిండు." గా మాటే కాయితం మీద రాసియ్యి, అన్న. జేబులకెల్లి ఇంకో కాయితం తీసిండు. బండ ఏసిన్రని నేను సంతకం పెడితె, సోమవారం నిజంగనే ఏస్తరట. మెట్లు గూడ కట్టుకోనిస్తరట. పెట్టకపోతె? "నాకు తెల్వదమ్మా."

అత్తమ్మను వచ్చే వారం నడిపియ్యాలన్నడు డాక్టర్. ఏడ నడిపియ్యాలె...

కాయితం మిషన్ మీద ఉన్నది. సంతకం జాగ కింద నా పేరు ముందే టైపు చేసిన్రు. ఇంటిపేరు తప్పు.