అల్లుడు అడిగిన ఊరు

హైదరాబాదు,
12-9-1968.

సౌభాగ్యవతి లక్ష్మీనరసమ్మకు మనసారా దీవెనలు. ఇక్కడ నా ఒంటికి ఏ లోటూ లేదు. విజయనగరంలో నువ్వూ, అమ్మా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను.

నీ ఉత్తరం మొన్న అందింది. అమ్మకు దగ్గు తగ్గినందుకు సంతోషం. వీధి అరుగు మీద పడుకోవద్దని నా మాటగా చెప్పు. మంత్రిగారి ఉత్తర్వని మాత్రం చెప్పకు, అలా చెప్తే అసలే వినదు. నా భోజనం సంగతి అడిగావు. వంటవాడు మంచివాడే గాని, నేను తింటున్నంతసేపూ ఎవరో ఒకరు పక్కన చేతులు కట్టుకుని నిలబడతారు. ముద్ద దిగదు. కిటికీ తీద్దామని లేస్తే నాకంటే ముందు ఇంకొకరు తీస్తారు. ఈ బంగళాలో నా చేత్తో చేసుకునే పని సంతకం ఒక్కటే.

పాతికేళ్ళుగా ప్రబంధాలు చెప్పుకుంటున్నవాడికి చిన్న నీటిపారుదల శాఖ ఇచ్చారని నువ్వు పడీ పడీ నవ్వావు. నేనూ నవ్వాను. ఎందుకిచ్చారో ఇప్పుడు తెలిసింది.

పేపర్లో ఫొటో చూశానని, రాజాం దాకా వచ్చి ఇంటికి ఎందుకు రాలేదని అడిగావు. తీరిక లేదని రాద్దామనుకున్నాను. నీ దగ్గర అబద్ధం ఆడి ఎన్నాళ్ళు నెగ్గుకొస్తాను? నీ ముఖం చూసే ధైర్యం లేక రాలేదు.

మీ జీలుగువలస గెడ్డ మీద ఆనకట్ట కడతారని నువ్వూ వినే ఉంటావు. కింది పల్లెలకు నీళ్ళొస్తాయి, అది నిజమే. మీ ఊరు మాత్రం మునుగుతుంది. కొలతలకు వెళ్ళినవాళ్ళను మీవాళ్ళు కర్రలు పట్టుకుని తరిమేశారు. పోలీసులను పంపాలని ఇక్కడ మాట్లాడుకుంటుంటే పైనున్న పెద్దాయన ఒకరు నన్ను చూసి, పోలీసులెందుకు, ఆ ఊరి అల్లుడు మన మేష్టారే కదా అన్నారు. అల్లుడి ముందు మనవైపు ఎవరూ గొంతెత్తరని ఆయనకు ఎవరు చెప్పారో. లాఠీలు వెళ్ళేకంటే నేను వెళ్ళడమే నయమని నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

రాజాం వచ్చిన ఆ రోజే మీ ఊరు వెళ్ళాను. జీపు చూసి బయటికొచ్చినవాళ్ళు, దిగింది నేనని తెలిసి కర్రలు గోడకు చేరేశారు. మీ అన్నయ్య నరసింగరావు ఎప్పటిలాగే నా కాళ్ళు కడిగాడు. వచ్చిన పని ముందే చెప్పేద్దామని నోరు తెరిస్తే మీ అసిరమ్మ పిన్ని చెప్పనివ్వలేదు. "ముందు బువ్వ తిను బాబూ, మాటలు తరవాత సెప్పుదువు గాని," అంది. నాటుకోడి కూరతో కడుపునిండా పెట్టారు. తిన్నాను. తిన్నాక మీ ఇంటి వసారాలో కూర్చుని, ఊరు ఖాళీ చేయమని అడిగాను.

ఎవరైనా లేచి నన్ను తిడతారని ఎంత ఎదురుచూశానో. ఒక్కరు తిట్టినా, ఊరు ఒప్పుకోలేదని చెప్పి బయటపడేవాణ్ణి. చివరికి మీ అన్నయ్య తల ఎత్తాడు.

"అల్లుడు నోరిప్పి అడిగినాక లేదని ఎలాగ అంటాం బావా. భూమికి భూమి ఇప్పిస్తానన్నావు. నువ్వు మంత్రిగా ఉన్నావు, నువ్వే సూసుకో," అన్నాడు. తర్వాత, మర్యాద తప్పకుండా, నాకు పంచెల చాపు పెట్టాడు. అది పెట్టెలోనే ఉంది. కట్టుకోలేను, పారెయ్యలేను.

తిరిగి కాలేజీలో ఎప్పుడు చేరతారని అడిగావు కదా. ఎలా చేరను? ఎగువన భూములు ఇప్పిస్తానన్నది ప్రభుత్వం కాదు, నేను. నేను దిగిపోతే ఆ మాట పట్టించుకునే దిక్కు లేదు. దిగకపోతే మీ ఊరిని నేనే దగ్గరుండి ముంచాలి. ఇక్కడ అందరూ నా భుజం తట్టి మెచ్చుకుంటున్నారు.

జీపు ఎక్కబోతుంటే అసిరమ్మ పిన్ని వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఊరు మునిగీలోగా మా ఆడపిల్లలందరికీ ఆకరు సారె పెడతాం బాబూ. కార్తీకంలో మా పిల్లని నువ్వే తీసుకొచ్చీ," అంది. నిన్ను అడగకుండానే సరేనన్నాను.

మనం వెళ్దాం. కాని ఆ సారె నువ్వు అందుకోకు. వాళ్ళు అల్లుణ్ణి కాదనలేరు. నువ్వు అనగలవు, అది నీ పుట్టిల్లు. అందరి ముందూ పళ్ళెం తోసేసి, ఈయన అడిగింది ఇవ్వొద్దని చెప్పు. ఇంటి ఆడపిల్ల వద్దని ఏడిస్తే, ఆ ఊళ్ళో ఎవరూ గడప దాటరు. అప్పుడు పోలీసులు వస్తారా అంటే, వస్తారేమో. వాళ్ళకు అడ్డంగా నిలబడే ధైర్యం నాకుంటుందో లేదో కూడా ఈవేళ చెప్పలేను. ఇంకో దారి మాత్రం నాకు కనిపించలేదు.

పదిమందిలో మొగుణ్ణి చిన్నబుచ్చానని తర్వాత బాధపడకు. ఆవేళ నేను నిన్ను ఆపబోయినా ఆగకు.

ఇట్లు,
నీ భర్త,
జగన్నాధం.