ఆ బన్నులో పంచదార లేదు

అక్కకు తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తానని రాయబోయి ఆగాను. నువ్వు క్షేమంగా లేవని తెలుసు. ఎందుకో కూడా తెలుసు.

పొయ్యి దగ్గర కాలిన చెయ్యి మానిందా అన్నావు. మానింది. మా బేకరీ మేస్త్రీ నోరే మానలేదు. "నీ మొహం చూస్తే పిండి కూడా పొంగదురా" అన్నాడు నిన్న. "నువ్విచ్చే జీతం చూస్తే నేనూ అంతే" అన్నాను.

ఇక తీపి సంగతి. పంచదార మానేసి నాలుగు నెలలయింది, తేనె తింటే దురద, పొట్లాల్లో వచ్చే తీపి పొడి చేదు, ఇక చప్పటి టీయేనా అని రాశావు. "బేకరీలో ఉన్నావు, నీకే తెలియాలి" అన్నావు. అది చదివి పిండి బస్తా మీదే కాగితం పరిచాను.

పులిసినవాటిలో, నిలవున్నవాటిలో ఉండే హిస్టమిన్ అనేదేదో నీకు పడదని డాక్టరు చెబితే నవ్వినవాణ్ణి నేను. పులిసింది వద్దు, నిలవది వద్దు, నారింజ వద్దు, ఉత్త పంచదార ఫర్వాలేదు అని గోడకి చీటీ అంటించావు. రోజంతా మంట ముందు నిలబడి వస్తే అమ్మ నీకోసం వేరే కూర వండుతూ కనిపించేది. ఒళ్లు మండేది. రోగమా గారాబమా అనుకునేవాణ్ణి.

నువ్వు కొత్త ఉద్యోగానికి బయల్దేరే ముందు రోజు "పిండి పులియబెట్టకుండా, ఉత్త పంచదారతో నాకో బన్ను చెయ్యరా" అన్నావు. అందులో ఉత్త పంచదార వెయ్యలేదక్కా. కేకుల్లో వేసే నారింజ తొక్కలు మా దగ్గర వారాల తరబడి పాకంలో నానతాయి. మిగిలిన పాకం పారెయ్యం, పిండిలో కలిపేస్తాం. అదే పోశాను. వాసన తెలియకుండా యాలకులు దంచి వేశాను. నీకేమీ కాకపోతే అందరి ముందూ నీ నాటకం బయటపెడదామని.

గంటలో నీ మెడ కందగడ్డయింది. పెదాలు వాచాయి. ఆస్పత్రి బెంచీ మీద అమ్మ నీ వీపు నిమురుతూనే "నోరు కట్టుకోలేవుటే" అని నిన్నే తిట్టింది. "పంచదార కూడా పడట్లేదమ్మా" అని ఏడ్చావు. పక్కనే ఉన్నాను. నాకూ నోరుంది. మందుల చీటీ పట్టుకుని బయటికి నడిచాను.

నీకు పడనిది పంచదార కాదు, ఆ నిలవ నారింజ పాకం. సిగ్గుతో చస్తున్నాను. ఈ ఉత్తరం అక్కడి డాక్టరుకి చూపించు. ఆయన సరేనంటే చెంచాడు పంచదారతో మొదలుపెట్టు.

పొద్దున అమ్మకి చెప్పాను. తిట్టలేదు. టీ గ్లాసు నా ముందు పెట్టి "మీ అక్క తాగేదే నువ్వూ తాగు" అంది. చప్పగా ఉంది. తాగాను. తీపి టీ తాగానని నువ్వు రాసేదాకా నాకూ ఇదే.

ఇట్లు,
నువ్వు నమ్మి బన్ను అడిగిన
తమ్ముడు