తొమ్మిది అడుగుల చెయ్యి

చోడవరం,
మార్చి 3.

చెల్లెమ్మ సంధ్యకు అక్క దీవెనలు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుతావు. ఫోన్ ఎప్పుడూ రోజా చేతిలో ఉంటుంది, పాఠాలు దాంట్లోనే వింటోంది. ఇది దానికి తెలియకూడని సంగతి.

డిగ్రీలో దానికి ఖగోళశాస్త్రం పేపరొక్కటే మిగిలిపోయిందని నీకు తెలుసుగా. ఈ నెల ఇరవైన పరీక్ష. ఈసారీ పోతే పై చదువుకి ఏడాది ఆగాలి. ఎవరికైనా చెబితే గాని దానికి పాఠం తలకెక్కదు. అందుకని మధ్యాహ్నం నేను వంటిల్లు సర్దుకున్నాక గుమ్మంలో కూర్చోబెట్టి నాకే చెబుతుంది. కాంతి సంవత్సరమంటే కాలం కాదు, దూరమని ఇప్పుడు ఎవరడిగినా చెప్పగలను.

నిన్న నక్షత్రాల దూరం కొలవడం గురించి. "సెయ్యి సాపి బొటనవేలు పెట్టమ్మా. ఓ కన్ను మూసి సూడు, తర్వాత రెండోది మూసి సూడు. ఎదురు గోడ మీద వేలు గెంతుతాది. ఎంత గెంతిందో సెప్పు" అంది. భూమి సూర్యుడికి ఇటున్నప్పుడు ఒకసారి, ఆరు నెలలకి అటున్నప్పుడు ఒకసారి చూస్తే దగ్గరి నక్షత్రం కూడా అలాగే జరిగినట్టు కనబడుతుందట. ఆ జరుగుడుని బట్టి దూరం కడతారట, ఎంత తక్కువ జరిగితే అంత దూరమట.

పక్కింటి నరసమ్మ కూడా చెయ్యి చాపింది. "ఓలమ్మో, నిజమేనే! గెంతీసింది!" అని మురిసిపోయింది. "ఏటే మంగా, అలా సూస్తన్నావు? నీ వేలికీ మోకాళ్ళ నొప్పులేటి?"

నాది గెంతలేదు సంధ్యా. ఎడమకన్ను మూసేసరికి వేలూ లేదు, గోడా లేదు. పాలమీగడ అడ్డుపెట్టినట్టు తెల్లగా ఉంది. కొన్నాళ్ళుగా టీ గ్లాసు పక్కన పోస్తున్నాను. పరధ్యానం అనుకున్నాను. అమ్మ చివరి రోజుల్లో గోడలు తడుముకుంటూ నడవడం గుర్తొచ్చింది. "నాలుగు వేళ్ళంత జరిగింది" అనేశాను. రోజా రాసుకుంది.

దానికి తెలిస్తే పుస్తకం మూసేసి నన్ను ఆసుపత్రుల చుట్టూ తిప్పుతుంది. పరీక్ష అయ్యేదాకా మీ బావకి కూడా చెప్పను. నువ్వూ చెప్పకు. ఎవరో ఒకరికి చెప్పుకోకుండా ఉండలేక రాశాను.

నీ అక్క,
మంగాయమ్మ


చోడవరం,
మార్చి 24.

సంధ్యా,

ముందు నిన్ను తిట్టుకున్నందుకు ఏమీ అనుకోకు.

ఉత్తరం పోస్టులో వేసిన మర్నాడే రోజా "హాల్ టికెట్‌లో పేరు తప్పు పడింది, వైజాగ్ ఎల్లాలి, తోడు రా" అంది. బస్సు దిగి ఎక్కిన ఆటో కంటి ఆసుపత్రి ముందు ఆగింది. మీ బావ అప్పటికే లోపల చీటీ రాయించుకుని నిలబడి ఉన్నారు! నువ్వే చెప్పేశావని పళ్ళు నూరుకున్నాను. నా ఉత్తరం నీకింకా చేరి ఉండదని కూడా తట్టలేదు.

రోజా నోట్సు తీసి చూపించింది. మా గుమ్మానికి ఎదురు గోడ ఇరవై అడుగులు. గోడ మీద నాలుగు వేళ్ళంతే జరిగితే, వేలు కంటికి ఎంత దూరంలో ఉన్నట్టో కట్టింది.

"నీ లెక్క పెకారం నీ సెయ్యి తొమ్మిదడుగులమ్మా! కూకున్న సోటినుంచే నరసమ్మత్త జడ లాగీగలవు. ముందు నేనే తప్పు కట్టేననుకున్నాను. మళ్ళీ మళ్ళీ కట్టేను. అప్పుడు నీ టీ గ్లాసు గుర్తొచ్చింది." నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

ఇంటి ఖర్చుల పద్దు ఎప్పుడూ తప్పు రాయని దాన్ని, ఒక్క అబద్ధం కూడా సరిగ్గా ఆడలేకపోయాను.

"మరి నీ పరీక్షో?" అన్నాను.

"నీ పక్కన కూకుని సదివితే రాదేటి?"

శుక్లమట. బాగా ముదిరింది గాని చూపు వస్తుందన్నారు. ఆపరేషన్ రోజున బెంచీ మీద రోజా నాకు చంద్రగ్రహణం చెబుతుంటే, కంటికి గంత కట్టుకున్న పెద్దాయనొకరు "పాపా, ఆ నీడ ముక్క మల్లీ సెప్పు" అన్నాడు. ఇంకో ఇద్దరు దగ్గరికి జరిగారు. అంతమందికి చెప్పిన పాఠం దానికింక మరపు రాదు.

పరీక్ష రాసొచ్చింది. ఒక లెక్క వదిలేసిందట, అయినా గట్టెక్కుతానంటోంది. చూడాలి.

ఈ మధ్యాహ్నం మళ్ళీ గుమ్మంలో కూర్చుని చెయ్యి చాపాను. ఒక కన్ను, తర్వాత రెండోది. గోడ మీద వేలు మూరెడు పైనే గెంతింది. రోజా కట్టి "రెండడుగులు" అంది. టేపు తెచ్చి నా చెయ్యి కొలిచి మరీ చూసుకున్నాం.

నీకూ నలభై దాటింది. ఇది అందగానే చెయ్యి చాపు. వేలు ఎంత గెంతిందో, గోడ ఎంత దూరమో రాయి. ఊహించి రాయకు. లెక్క ఇక్కడ రోజా కడుతుంది.

రెండడుగుల చేతి
నీ అక్క మంగ