రెండు వైపులా నీళ్ళు

నా ఉడతకి, నాన్న దీవెనలు.

ఇక్కడ నేను కులాసా. మోకాళ్ళు మాత్రం మెట్లు చూస్తే మొరాయిస్తున్నాయి. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పని ఇంకా నన్ను వదల్లేదు. కొత్త కళ్ళజోడు వచ్చాక, ఇన్నాళ్ళూ నేను దిద్దకుండా వదిలేసిన తప్పులన్నీ కనబడి సిగ్గేస్తోంది. నువ్వూ, నీ బడి పిల్లలూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను, తర్వాత తల పట్టుకున్నాను. నీళ్ళ మధ్య దీపంలా ఉంటుంది కాబట్టి ద్వీపం అయిందని నువ్వు పాఠం చెబితే, వెనక బెంచీ పిల్ల నిఘంటువు తెచ్చి చూపించిందా! "నాన్నా, చిన్నప్పుడు నువ్వు నాకలా తెలీక చెప్పావా, తెలిసే చెప్పావా?" అని నిలదీశావు. తెలిసే చెప్పాను తల్లీ. సంస్కృతంలో ద్వి అంటే రెండు, అప్ అంటే నీళ్ళు. రెండు వైపులా నీళ్ళున్న నేల ద్వీపం. నువ్వు నన్నడిగిన ఆ వారమే నిఘంటువులో ఆ పుట ప్రూఫు నేను దిద్దాను. పిల్లల ముందు తప్పు ఒప్పేసుకో, నెపం నా మీదికి తోసెయ్యి.

నీ రెండో ప్రశ్నకి జవాబు రాయబోయి మూడు కాగితాలు చింపాను. మీ అమ్మ ఉండే ఊరు నీ బడికి గంట దూరమే, వెళ్ళి చూడనా అన్నావు. ఒక్కసారైనా నన్ను చూడ్డానికి రాని మనిషిని నేనెందుకు వెతుక్కుంటూ వెళ్ళాలి అనీ నువ్వే రాశావు.

వచ్చింది ఉడతా. మేం విడిపోయిన రెండో నెలలో, ఒక మధ్యాహ్నం. గొడుగు మడిచి గుమ్మంలో నిలబడి, "పిల్లని ఒక్కసారి చూసి వెళ్ళిపోతాను" అంది.

"నిద్రపోతోంది" అన్నాను.

"సరే, లేపకండి" అని వెళ్ళిపోయింది. తర్వాత ఇంకో రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ మాటల్లోనే నిన్ను నిద్రపుచ్చాను.

ఆ మొదటి రోజు నువ్వు లోపలి గదిలో నేల మీద బోర్లా పడుకుని దేశపటానికి రంగులు వేసుకుంటున్నావు. నేను తలుపు వేసి వచ్చేసరికి నీలం పెన్సిలు ఆపి, "నాన్నా, ద్వీపం అంటే ఏంటి?" అన్నావు. గుమ్మం అవతల ఆమె కంట నీళ్ళు, ఇవతల నా కంట నీళ్ళు, మధ్యన నువ్వు. అసలు అర్థం నోట రాలేదు. దీపం అనేశాను. కోపం ఆమె మీద, శిక్ష నీకు. ఇన్నేళ్ళూ అది తెలిసీ ఊరుకున్నాను.

వెళ్ళు. నాకు కష్టమనిపిస్తే నేను పడతాను. అమ్మ తలుపు తియ్యగానే మిగతా మాటలన్నీ పక్కన పెట్టి ముందు ఇది చెప్పు: "ఆ మధ్యాహ్నం నేను మేలుకునే ఉన్నానమ్మా."

ఇట్లు,
ఈ తప్పు దిద్దడానికి ఇంత ఆలస్యం చేసిన
నీ నాన్న