గాలి రంధ్రాల్లో కుంకుమ

కోయిలకుంట్ల, దసరా మరుసటి దినం, 2005

పొద్దున షాపులో కంప్యూటర్ ఆన్ చేస్తే మూడుసార్లు కూతపెట్టి ఊరుకుండిపోయింది. స్క్రీన్ నల్లగానే ఉండాది. రేపు ఇయ్యాల్సిన పెండ్లి కార్డులన్నీ దాంట్లోనే! మూత విప్పితే లోపలంతా కుంకుమ. మొన్న ఆయుధపూజకు నేను చల్లిందే. నాతో పనిచేసిన బాషా అప్పుడప్పుడు చేసినట్లే ర్యామ్ బిళ్ల పీకి, పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెడితే ఆన్ అయింది.

ఆరేండ్లు ఇద్దరం ఈ షాపులో కలిసి పనిచేసినాం. ఏ దసరాకూ ఇది మొరాయించలేదు. నా పూజ మహిమే అనుకుంటాంటి. మొన్న ఎండాకాలంలో బాషా షాపు ఇడిసి ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో పనికి పోతాంటే, ఉండప్పా అని ఒక్క మాట అనలేదు నేను.

మూత బిగిస్తాంటే గాలి రంధ్రాల చుట్టూ పాత టేపు జిగురు కనపడింది. ఏటా పూజకు ముందు బాషా వాటికి కాయితం అంటించి, అయినాక పీకేసేవాడన్నమాట. నాకు చెప్పనేలేదు. నేను నొచ్చుకుంటాననేమో...

సాయంత్రం బాషాకు ఫోన్ చేసినా. నేను నోరు తెరవకముందే అడిగినాడు: "ఏమన్నా, కుంకుమ లోపలికి పోయిందా?"

"లేదప్పా, ఊరికే చేసినా" అన్నా.

"సరేలే. ర్యామ్ రుద్దినావా మరి?" అన్నాడు.