స్తంభంలో నా ముఖం

ఆళ్లగడ్డ

బావమరిది శ్రీకాంత్‌కు, నృసింహుడు నిన్ను కాచుగాక.

సినిమా చూసే కళ్లకు నరకమని ఇరవై ఏళ్లు గర్జించినవాణ్ణి గనుక, నువ్వు నంద్యాల నుంచి పంపిన ప్రొజెక్టర్‌లో నా ప్రహ్లాద ప్రవచనం వీడియోనే వేశాను. మా ఇంటి ఖాళీ గది నడుమ స్తంభం ఉన్న సంగతి మరిచాను. బొమ్మ తెరకు చేరకుండా గుండ్రటి స్తంభంమీద పడి, నా గడ్డం జూలులా సాగింది. బొమ్మలో నేను గర్జించగానే మీ అక్క చేతులు జోడించింది. ఇప్పుడు వీధి వీధంతా పానకం తెస్తోంది.

ప్రహ్లాదుడికి స్తంభంలో హరి కనిపించాడు, వీళ్లకు నేను. ఇంతకన్నా పాపముందా? అది నేనేనని చెప్పడానికి నిన్న స్తంభానికి ఎదురుగా నిలబడ్డాను.

"నీ నీడ పడతాండాది, పక్కకు జరుగప్పా. సామి కనపడల్యా," అంది పక్కింటి కమలాక్షమ్మ. మీ అక్క కూడా జరగమంది.

ఆదివారం వచ్చి ఆ ప్రొజెక్టర్‌ను గోడకు తిప్పు. చెప్పులు బయటే విడువు. ఇవాళ చెప్పులతో వెళ్తే నన్నే లోపలికి రానివ్వలేదు.

మీ బావ