సోములమ్మ ఆపిన జీపు

అనంతగిరి పక్కన ఒక కొండ మీద నుంచి,
ఏప్రిల్ 1998

మాధవక్కకి,

ముందుగా క్షమాపణలు. ధన్వంతరికి, మా కాలేజీ అద్దాల బీరువాలో నిలబడి నన్ను జాలిగా చూసే అస్థిపంజరానికి, రోడ్లు భవనాల శాఖకి, ఉదయ్ వాళ్ళ నాన్నగారి యమహాకి, చివరగా నీకు. ఈ ఉత్తరం చదివితే నీకు కోపం వస్తుంది. కోపం వస్తే నువ్వు నన్ను "ఒరే" అనవు, "ఏమండీ భానుగారూ" అంటావు. అది తట్టుకునే గుండె నాకు లేదు. అందుకే ఇంత దూరంలో కూర్చుని రాస్తున్నాను.

పరీక్షలవగానే కర్నూల్లో రైలెక్కి బొబ్బిలి వచ్చేస్తానన్నాను కదా. రైలెక్కలేదు. నేనూ, నా రూమ్మేటు ఉదయ్ బండెక్కాం. నల్లమల దాటి, బెజవాడ ఎండలో అప్పడాల్లా వేగి, రాజమండ్రిలో గోదావరిలో పడి లేచి, మారేడుమిల్లి అడవిలో దారి తప్పి, చింతపల్లి మిరియాల తోటల మధ్య చలికి వణికి, మొత్తానికి రాష్ట్రాన్ని అడ్డంగా కొలిచేశాం. దారిలో బండి చైను తెగింది. మా స్నేహం కూడా అప్పుడప్పుడు తెగింది. రెండింటినీ అతికించుకుంటూ వచ్చాం.

అక్కా, ఈ కొండల గురించి వేళాకోళంగా రాయడం నా వల్ల కావడం లేదు. పొద్దున్నే తలుపు తీస్తే మబ్బు గుమ్మంలో కూర్చుని ఉంటుంది, జరగమంటే గానీ జరగదు. కాఫీ మొక్కలు పెద్ద చెట్ల నీడలో చంటిపిల్లల్లా ఒద్దికగా ఉంటాయి. మనుషులైతే కొండెక్కుతూ కూడా కబుర్లాడతారు. నాకు దిగేటప్పుడు కూడా ఆయాసమే.

మేం ఇక్కడ ఆగిపోవడానికి కారణం ఒక వెదురు బొంగు. ఇప్పుడు ఇటుకల పండగ రోజులు. మగవాళ్ళంతా వేటకని అడవిలోకి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురు బొంగు పెట్టి, వచ్చే పోయే బండ్లని ఆపి పండగ మామూలు వసూలు చేస్తారు. మమ్మల్నీ ఆపారు. నేను మన సహజ గాంభీర్యంతో, "అమ్మా, నేను డాక్టర్ని. డాక్టర్లని ఆపకూడదని రూలుంది" అన్నాను.

"ఏ ఊరి రూలు బాబూ అది? మా బొంగుకి తెల్దే," అంది వాళ్ళ నాయకురాలు. పేరు సోములమ్మ. మనిషి సన్నం, గొంతు లావు. "డాక్టరువైతే మరీ మంచిది. డాక్టరు గంతులేత్తే మేవెప్పుడూ సూళ్ళేదు. దిగు."

దిగాను. వాళ్ళ వరసలో నిలబెట్టి థింసా ఆడించారు. నా అడుగులు చూసి ఒక ముసలమ్మ నవ్వలేక కింద కూర్చుండిపోయింది. బండిని అరకులో మెకానిక్కుకి అప్పగించి, ఆ సాయంత్రం నుంచి సోములమ్మ ఇంట్లోనే ఉంటున్నాం. ఆమె భర్త మంగ్లుకి కాలు బాగోదు, అందుకని వేటకి వెళ్ళలేదు. కొడుకు బుధు వెళ్ళాడు. కోడలు కనకకి నెలలు నిండాయి. ఊరంతా నన్ను డాక్టరు బాబూ అంటోంది. మోకాలు గీసుకుపోయిన పిల్లలకి కట్లు కడుతూ, తలనొప్పికి బిళ్ళలిస్తూ కాలక్షేపం చేస్తున్నాను. హోదా బాగుంది.

బాగుంది గానీ అబద్ధం. ఇప్పుడు అసలు సంగతి. నేను మళ్ళీ కర్నూలు వెళ్ళను. చదువు మానేస్తున్నాను. వైవాలో ఒక పెద్దాయన నన్ను ఏదో అడిగారు. నాకు తెలియదు. తెలియదని చెప్పకుండా చాలాసేపు చక్కగా మాట్లాడాను. ఆయన ఓపిగ్గా అంతా విని, "కంఠం బావుందయ్యా, రేడియోకి అప్లై చెయ్యి" అన్నారు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. హాస్టలుకొచ్చి దుప్పటి ముసుగేసుకున్నాక నవ్వు రాలేదు. ఆయన చెప్పింది నిజమే అక్కా. నాకు మాట్లాడటం తప్ప ఏమీ రాదు. రేడియోకి నిజంగానే అప్లై చేశాను. ఆడిషన్‌కి పిలిచారు. తాలూకాఫీసులో అందరికీ "మా డాక్టరు" అని చెప్పుకునే నాన్నకి ఈ మాట నువ్వే చెప్పాలి. నాకు ధైర్యం లేదు. ఉంటే ఇంటికే వచ్చేవాణ్ణి.

ఇట్లు,
మాజీ డాక్టరు,
భాను


అనంతగిరి,
మే 1998

అక్కా,

ఉదయ్ ఎస్టీడీ బూతు నుంచి నీకు ఫోన్ చేసి, నేను అడవి మధ్యలో ఒక్క చేత్తో కాన్పు చేసి తల్లినీ బిడ్డనీ బతికించానని చెప్పాడట. మర్నాడు మళ్ళీ చేస్తే నాన్న వీధంతా లడ్డూలు పంచారన్నావట. నా మొదటి ఉత్తరం ఆయనకి ఇంకా చూపించలేదని కూడా అన్నావట. నువ్వు దేవతవి. ఇప్పుడు నిజం రాస్తున్నాను. చదివేటప్పుడు లడ్డూ తినకు, పొలమారుతుంది.

ఆ రోజు పొద్దున కనకకి నొప్పులు మొదలయ్యాయి. కాన్పు కష్టమైతే ఇక్కడ డోలీ కడతారు. పొడుగాటి బొంగుకి దుప్పటి ఉయ్యాలలా కట్టి, మనిషిని పడుకోబెట్టి, రోడ్డుదాకా మోసుకెళ్తారు. మోసే మగవాళ్ళు వేటలో ఉన్నారు. అయినా ఆడవాళ్ళు బొంగు తెచ్చి కట్టడం మొదలుపెట్టారు. అంతలో సోములమ్మే ఆపింది. "డోలీ ఎందుకే? డాక్టరు బాబు మనింట్లోనే ఉన్నాడు గదా" అంది. కట్టిన ముడులు విప్పేశారు. ఆ విప్పడం నేను చూశాను. చూసి కూడా, తొలికాన్పులన్నీ ఆలస్యమేలే అనుకుంటూ అరుగు మీద గంభీరంగా కూర్చున్నాను.

ఎండెక్కాక లోపలికి పిలిచారు. దుప్పటి తీసి చూశాను. అక్కా, ఒక చెయ్యి. బిడ్డ చెయ్యి ఒక్కటే బయటికొచ్చి ఉంది. ఇంత చిన్న గోళ్ళతో.

బిడ్డ అడ్డం తిరిగిందన్నమాట. అలాంటప్పుడు ఆపరేషన్ చేసి తియ్యాల్సిందే, ఇంట్లో ఎవరూ ఏమీ చెయ్యకూడదు, చెయ్యి పట్టి లాగితే ఇద్దరి ప్రాణాలకీ ముప్పు. పుస్తకంలో ఆ పేజీ నాకు గుర్తుంది. గుమ్మంలోంచి ఉదయ్, "ఏదో ఒకటి చెయ్యరా, పట్టుకుని లాగు" అంటున్నాడు. సివిల్ ఇంజనీరింగ్‌లో సీటొస్తే వదులుకుని నాతోపాటు మెడిసిన్‌లో చేరినవాడు వాడు. కనక నా మొహమే చూస్తోంది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ నా మొహమే చూస్తున్నారు. ఏదో చక్కగా మాట్లాడదామనిపించింది కూడా.

"నేను డాక్టర్ని కాను," అన్నాను. "ఇంకా చదువుతున్నాను. ఇది నాకు చేతకాదు. కొండ దిగి ఆసుపత్రికెళ్ళాలి. బేగి వెళ్ళాలి."

చెంప మీద దెబ్బ కోసం ఎదురుచూశాను. సోములమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఆ ముక్క ముడులిప్పకముందే సెప్పాల గదరా గుంటడా," అంది. అంతే. ఇంక నా వైపు చూడలేదు. "పట్టండే!" అని అరిచింది.

అక్కా, ఆ డోలీ వెళ్ళిన తీరు నేను నీకు చెప్పలేను. మా క్లాసులో వంద కిలోలు ఎత్తే పహిల్వాన్లున్నారు, వాళ్ళనీ చూశాను. థింసాలో అడుగు మార్చినట్టే వీళ్ళు నడుస్తూ నడుస్తూనే భుజం మార్చుకున్నారు. ఉయ్యాల కదల్లేదు. జారుడు రాళ్ళ మీద, కాఫీ తోటల్లోంచి, వాగు దాటుతూ, ఒక్కసారి కూడా కింద పెట్టలేదు. సిగ్గుతో నేనూ భుజమిచ్చాను. బొంగు నా వైపు వంగిపోయింది. "నువ్వు పక్కకి రా బాబూ, నిన్ను కూడా మొయ్యలేం," అని ఒకావిడ లాగేసుకుంది.

రోడ్డు మీద కనకని పనసచెట్టు నీడలో పడుకోబెట్టి, డోలీ బొంగునే రోడ్డుకి అడ్డం పెట్టారు. ముందు ఒక లారీ వచ్చింది, పైదాకా కలప. పొమ్మన్నారు. తర్వాత విశాఖపట్నం నుంచి అరకు చూడటానికొస్తున్న జీపు. ముందు సీట్లో డ్రైవరు పక్కన జగన్నాథరావని ఒకాయన, నల్లకళ్ళజోడు, మెళ్ళో కెమెరా. నవ్వుతూ కిటికీలోంచి నోటు చాపాడు.

"పండగ మామూలేగా? తీసుకోండి తీసుకోండి."

"డబ్బులొద్దు బాబూ. బండి కావాల," అంది సోములమ్మ.

"బండా? బండేమిటి? మేం బొర్రా గుహలు చూడాలి, గెస్ట్‌హౌసు బుక్కయింది..."

"గుహలెక్కడికీ పోవు. నాను పుట్టకముందు నుంచీ అక్కడే ఉన్నాయి."

ఆయన నోరు తెరిచేలోగా వెనక సీట్లో ఆయన భార్య చెట్టు కింద కనకని చూసింది. పిల్లల్ని దింపి తనూ దిగింది. "దిగండీ, అలా చూస్తారేం!" అంది.

"మరి మనం?"

"మా ఇల్లుంది, అంబలుంది," అంది సోములమ్మ. "పండగ సూసెల్దురు గానీ." అలా చెప్పి, కనకని వెనక సీట్లో పడుకోబెట్టించి, బొంగెత్తించి, జీపెక్కింది. నన్ను కూడా రెక్క పట్టుకుని లోపల కుదేసింది.

కొండ కింద ఆసుపత్రిలో ఆపరేషన్ చేసింది డాక్టర్ గంగాభవాని గారు. నేను బయట గోడకానుకుని నిలబడ్డాను. మగపిల్లవాడు. తల్లీ బిడ్డా క్షేమం. మేం తిరిగొచ్చేసరికి వేటగాళ్ళు కూడా దిగారు. బుధుకి ఒక్క పిట్ట కూడా దొరకలేదు. వేటకెళ్ళి ఉత్తచేతుల్తో వచ్చినవాళ్ళ మీద పేడనీళ్ళు పొయ్యడం ఇక్కడి మర్యాద. సోములమ్మ కొడుకుని నిలబెట్టింది, పక్కనే నన్నూ నిలబెట్టింది. "ఈడూ డాక్టరునని ఏటకొచ్చినోడే," అని ఇద్దరి మీదా సమానంగా పోసింది. ఊరంతా ఈలలు. జగన్నాథరావు గారు ఫోటో తీశారు. బొబ్బిలికి పంపొద్దని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఇన్నాళ్ళలో నాకు హక్కుగా దక్కిన పట్టా ఇదే అక్కా. వాసన ఇంకా పోలేదు.

అందుకే ఆడిషన్‌కి వెళ్ళలేదు. కాలేజీ తెరవగానే కర్నూలు వెళ్తాను. ఆ ఆపరేషన్ గది గోడ అవతల ఏం జరుగుతుందో నేర్చుకోవాలి. వచ్చే వేసవిలో మళ్ళీ ఇక్కడికే వస్తానంటే, "ఈసారి ఏటి తెలిసిందో ముందే సెప్పు" అంది సోములమ్మ. నాన్నకి రెండు ఉత్తరాలూ చూపించు. లడ్డూలు వెనక్కి రావు, పోనీ.

ఆపరేషన్ అయ్యాక గంగాభవాని గారు బయటికొచ్చి, "ఆ చెయ్యి ఎవరూ లాగలేదా?" అని అడిగారు. లేదండీ అన్నాను. ఇంకేమీ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు, నీకు చెప్తున్నాను. జీపులో కనకని ఎడమ పక్కకి తిప్పి, నడుం కింద జగన్నాథరావు గారి పిల్లల దుప్పట్లు పెట్టి, ఆ చేతిని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, కొండ దిగేదాకా నా అరచేతిలో ఉంచుకున్నాను. ప్రతి మలుపులోనూ ఏదో ఒకటి చెయ్యాలనిపించింది, లాగాలనిపించింది. లాగలేదు. ఒక మలుపులో ఆ వేళ్ళు ముడుచుకుని నా వేలు పట్టుకున్నాయి. "బతికే ఉంది కనకా," అన్నాను. నేను చేసింది అదొక్కటే.

నీ తమ్ముడు,
భాను